కాటాకు ఏ పక్కన?

పంట పండించడం నేర్పే చదువు గురించి అందరికీ తెలుసు. పండిన పంటకు లెక్క కట్టడం, దాన్ని నాలుగు డబ్బులకు అమ్మడం నేర్పే చదువు కూడా వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోనే ఉంది. అగ్రికల్చరల్ ఎకనామిక్స్, అగ్రిబిజినెస్ మేనేజ్‌మెంట్ చదువుల కథ ఇది.

మీ ముందు రెండు బేరాలు పెట్టారనుకోండి. మొదటిది ఒప్పుకుంటే చేతిలో 50 రూపాయలు పెట్టి పంపిస్తారు. రెండోది ఒప్పుకుంటే నాణెం ఎగరేస్తారు. బొమ్మ పడితే ఉత్త చేతులు, బొరుసు పడితే 200. ఏది తీసుకుంటారు? రెంటికీ నడుమ మరికొన్ని మెట్లూ ఉన్నాయి. బొమ్మకు 45, బొరుసుకు 95. బొమ్మకు 40, బొరుసుకు 120. బొమ్మకు 30, బొరుసుకు 150. ఆశ పెరిగే కొద్దీ గండమూ పెరుగుతుంది.

1970ల ద్వితీయార్ధంలో తెలంగాణ, మహారాష్ట్ర పల్లెల్లో ఈ ఆటను నిజంగానే ఆడించారు. ఆడించింది పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేస్తున్న హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త. ఆడింది 240 కుటుంబాలు. కాగితం మీద ఆట కాదది, నిజం నోట్లు పెట్టి ఆడించారు. పెద్ద పందెంలో దక్కే సొమ్ము అప్పటి కూలీ మనిషి నెల సంపాదనను మించేది. పేదవాడు భయపడి 50 పుచ్చుకుంటాడని, ఉన్నవాడు తెగించి 200 కోసం చూస్తాడని ఎవరైనా అనుకుంటారు. తేలింది వేరు. పందెం పెద్దదయ్యేసరికి దాదాపు అందరూ నడిమి మెట్ల మీదే నిలబడ్డారు. పది ఎకరాల ఆసామికీ అరెకరం మనిషికీ తేడా పెద్దగా కనిపించలేదు. మరి కొత్త విత్తనం, కొత్త ఎరువు ముందు పెద్ద రైతు పొలంలోకే ఎందుకు వస్తాయి? ధైర్యం ఇద్దరికీ ఒకటే. తేడా అప్పు పుట్టడంలో, చేతిలో పెట్టుబడి ఆడటంలో ఉందని బిన్స్‌వాంగర్ 1980లో రాశాడు. పేద రైతుకు తెగువ చాలదనే మాట మన ఆఫీసుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. దాన్ని మన ఊళ్లే నలభై ఏళ్ల కిందట కొట్టిపారేశాయి.

ఆ పరిశోధనలో ఇంకో ముక్క ఉంది. అదే మనుషుల్ని 'మీరైతే ఏం చేస్తారు' అని నోటిమాటగానూ అడిగారు. ఆ జవాబులకూ ఆటలో వాళ్లు చేసినదానికీ పొంతన కుదరలేదు. ప్రశ్నాపత్రం పట్టుకుని ఊళ్లోకి వెళ్లే ప్రతి పీజీ విద్యార్థీ ముందుగా నేర్చుకోవలసిన పాఠం ఇదేనని నాకనిపిస్తుంది.

పాఠ్యపుస్తకంలో మన ఊళ్లు

ఇక్రిశాట్ 1975లో ఆరు ఊళ్లను ఎంచుకుంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఔరేపల్లి, డోకూరు. షోలాపూర్ జిల్లా నుంచి షిరాపూర్, కల్మన్. అకోలా జిల్లా నుంచి కంజరా, కింఖేడా. పరిశోధకులు ఆ ఊళ్లలోనే మకాం పెట్టారు. ఎంపిక చేసిన ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లి ఎవరు ఏ చేలో ఎన్ని రోజులు పనిచేశారు, ఏం తిన్నారు, ఎవరి దగ్గర ఎంత చేబదులు తెచ్చారు, ఎద్దును ఎప్పుడు అమ్మారు అన్నీ రాసుకున్నారు. ఏళ్ల తరబడి సాగిన ఆ రాతకోతలు ప్రపంచంలోని అర్థశాస్త్ర విభాగాలకు బంగారు గనిగా మారాయి. కరువులో ఊరివాళ్లు ఒకరినొకరు ఎంతవరకు ఆదుకుంటారని రాబర్ట్ టౌన్సెండ్ 1994లో రాసిన ప్రసిద్ధ వ్యాసానికి ఆధారం ఔరేపల్లి, షిరాపూర్, కంజరా ఊళ్ల లెక్కలే.

అంతకన్నా ఆసక్తికరమైనది 1989లో రోజెన్‌జ్వీగ్, స్టార్క్ అనే ఇద్దరు రాసిన వ్యాసం. పిల్లను దూరపు ఊరికి ఎందుకిస్తారు? రెండు ఊళ్లలో వానలు ఒకేలా పడవు. ఇక్కడ ఎండితే అక్కడ పండొచ్చు. వియ్యపువారి వైపు నుంచి ఆసరా దొరుకుతుంది. రాబడిలో ఒడుదొడుకులు ఎక్కువున్న ఇళ్లలో సంబంధాలు మరింత దూరం వెళ్తున్నాయని, అలా ఇచ్చినవారి తిండి ఖర్చు కరువులోనూ పెద్దగా తగ్గడం లేదని వాళ్లు అంకెలతో చూపారు. పంటల బీమా కంపెనీలు రాకముందు పల్లె కట్టుకున్న బీమా అది. పెళ్లిళ్ల పేరయ్యకు తెలిసిన సంగతేనని మీరు నవ్వొచ్చు. దాన్ని లెక్కగట్టి రుజువు చేయడమే ఈ శాస్త్రం పని.

రోజెన్‌జ్వీగే 1993లో వోల్పిన్‌తో కలిసి ఎద్దుల మీద ఇంకో వ్యాసం రాశాడు. కరువొస్తే రైతు ముందు ఎద్దునే సంతకు తోలుతాడు. మళ్లీ వానొచ్చేనాటికి దున్నడానికి ఎద్దుండదు, కొనడానికి డబ్బుండదు. అవసరానికి తక్కువ వడ్డీకి అప్పు పుట్టి ఉంటే ఎద్దు కొట్టంలోనే ఉండేది కదా! గ్రామీణ పరపతి పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

విశ్వవిద్యాలయానికి ఒక అర్థశాస్త్ర ఆచార్యుడి పేరు

1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. ఆయన్ను రైతు నాయకుడిగా, పార్లమెంటు సభ్యుడిగా అందరూ గుర్తు పెట్టుకుంటారు. చదివింది మాత్రం ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం. మద్రాసు పచ్చయప్ప కళాశాలలో పాఠం చెప్పిందీ అదే. 1926లో డెల్టా పల్లెల ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం రాశారు. సొంతూరు నిడుబ్రోలులో రైతుల కోసం విద్యాలయం నడిపారు. రంగా పుస్తకానికి కొన్నేళ్ల ముందే మద్రాసు విశ్వవిద్యాలయంలో గిల్బర్ట్ స్లేటర్ అనే ఆచార్యుడు విద్యార్థులను ఊళ్లకు పంపి సర్వేలు రాయించి 1918లో పుస్తకంగా వేయించారు. నేలమీదికి వెళ్లి లెక్క రాసుకోవడమనే అలవాటు దక్షిణాదిలో ఈ చదువుకు పుట్టుకతోనే వచ్చింది.

2014 విభజన తర్వాత తెలంగాణకు రాజేంద్రనగర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ పేరిట వేరే విశ్వవిద్యాలయం ఏర్పడింది. రంగా విశ్వవిద్యాలయం గుంటూరు పక్కన లాంలో ఉంది. రెండుచోట్లా దారి ఒకటే. ఇంటర్ బైపీసీ తర్వాత ఎప్‌సెట్ రాసి బీఎస్సీ ఆనర్స్ అగ్రికల్చర్‌లో చేరాలి. నాలుగేళ్ల కోర్సులో వ్యవసాయ అర్థశాస్త్రం కొన్ని పేపర్లే. చివరి ఏడాది పల్లెలో రైతు వెంట ఉండి పనిచేసే కార్యక్రమం ఉంటుంది. ఆ తర్వాతే దారులు చీలతాయి. ఎమ్మెస్సీ అగ్రికల్చరల్ ఎకనామిక్స్ ఒకటి, అగ్రిబిజినెస్‌లో ఎంబీఏ ఇంకొకటి. మొదటిదానిలో ఉత్పత్తి అర్థశాస్త్రం, ఎకనోమెట్రిక్స్, ధరల విశ్లేషణ, పరపతి, వీటన్నిటిపైన థీసిస్. రెండోదానిలో అకౌంట్లు, సప్లై చైన్, కమోడిటీ మార్కెట్లు, రూరల్ మార్కెటింగ్, ఇంటర్న్‌షిప్. ఒకటి 'ఎందుకిలా జరుగుతోంది' అని అడుగుతుంది. ఇంకొకటి 'రేప్పొద్దున ఏం చేయాలి' అని అడుగుతుంది.

క్వింటాలుకు 1579

ఈ చదువు ఎందుకో తెలియాలంటే ఒక్క అంకె చాలు. 2025–26 ఖరీఫ్‌కు కేంద్రం సాధారణ రకం వరికి క్వింటాలుకు 2369 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. ఖర్చు 1579 అని, దానికి సగం కలిపామని చెప్పింది. ఆ 1579 ఎక్కడి నుంచి వచ్చింది?

1970–71 నుంచి దేశమంతటా సాగు ఖర్చుల పథకం నడుస్తోంది. దాన్ని ఎక్కువగా నడిపేది వ్యవసాయ విశ్వవిద్యాలయాల అర్థశాస్త్ర విభాగాలే. ఎంపిక చేసిన చోట్ల క్షేత్ర సిబ్బంది ఉండి చిన్నా పెద్దా రైతుల కమతాల్లో ఏడాది పొడుగునా పద్దు రాస్తారు. విత్తనం, ఎరువు, పురుగుమందు, కూలి, ట్రాక్టరు కిరాయి, కట్టిన కౌలు అన్నీ కలిపితే 'ఏ2'. ఇంట్లోవాళ్ల చాకిరీకి విలువ కట్టి కలిపితే 'ఏ2 ప్లస్ ఎఫ్ఎల్'. దానికి సొంత భూమికి రావలసిన కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ చేరిస్తే 'సీ2'. ప్రభుత్వం చెప్పే 1579 ఈ మూడింటిలో నడిమిది. స్వామినాథన్ కమిషన్ అడిగిన 'ఖర్చుకు సగం కలిపి' అన్నదానికి సీ2 మీద కలపాలని రైతు సంఘాలు పట్టుబట్టేది ఇందుకే. గొడవంతా ఆ రెండు అక్షరాల మీదే.

కానీ అసలు మెలిక ఇంకొకచోట ఉంది. పత్రికల్లో అదంతగా కనిపించదు. 1579 అనేది దేశం మొత్తానికి సగటు. కట్టిన కౌలు ఏ2లోకి వస్తుంది, నిజమే. అయితే ఆ సగటులో సొంత భూమి ఉన్న రైతులే ఎక్కువమంది. వాళ్లు కట్టే కౌలు సున్నా. అందరినీ కలిపి భాగహారం చేసేసరికి, గోదావరి డెల్టాలో బస్తాల లెక్కన కౌలు కొలిచే మనిషి బరువు పలచబడిపోతుంది. కౌలు రైతుకు 2369 ఒక ధర, సొంతదారుకు ఇంకో ధర. కాగితం మీద అంకె మాత్రం ఒకటే. ఎమ్మెస్సీ విద్యార్థికి థీసిస్ అంశం దొరకడం లేదని ఎవరైనా అంటే నేను నమ్మను.

మిర్చి నేర్పే పాఠం

ధరల సిద్ధాంతం చదవడానికి గుంటూరు యార్డును మించిన ప్రయోగశాల లేదు. 2016లో క్వింటాలు పన్నెండు వేల దాకా పలికిన మిర్చిని చూసి మరుసటి ఏడు అందరూ మిరపే వేశారు. 2017లో ధర కుప్పకూలింది. ఆ ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో రైతులు ఆగ్రహంతో ఆఫీసుల మీద పడ్డారు. కేంద్రం జోక్యం చేసుకుని 5000 ధర ప్రకటించింది. కథ అక్కడ ఆగిందా? 2023లో తేజ రకం ఇరవై వేలు దాటింది. విస్తీర్ణం మళ్లీ పెరిగింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ దిగివచ్చి, ఆంధ్రప్రదేశ్‌లో 2 లక్షల 58 వేల టన్నులకు క్వింటాలు 11,781 అని ధర కట్టింది.

ఈ చక్రానికి 1934లో నికొలస్ కాల్డర్ సాలెగూడు అని పేరు పెట్టాడు. 1938లో మార్డెకాయ్ ఎజికీల్ దాన్ని వివరంగా రాశాడు. రైతు నిరుటి ధర చూసి విత్తు వేస్తాడు. పంట చేతికొచ్చేది నెలల తర్వాత. అప్పటికి అందరి పంటా ఒకేసారి యార్డుకు వస్తుంది. నల్లబల్ల మీద గీస్తే గీతలు సాలెగూడులా చుట్టుకుంటాయి. 'రైతులు ఆలోచించకుండా అందరూ ఒకటే వేస్తారు' అని టీవీ చర్చల్లో విసుక్కునేవారికి ఒక ప్రశ్న. నిరుటి ధర తప్ప రైతు ముందు మరే అంకె పెట్టారు? రాబోయే ధర గురించి చెప్పేది ఫ్యూచర్స్ మార్కెట్. నిజామాబాద్ పసుపుకు ఆ మార్కెట్ ఉంది. వరి, శనగ, సోయా వంటి వాటికి ఉన్నదాన్ని 2021 డిసెంబరులో సెబీ ఆపేసింది. ఉన్నచోట కూడా ఆ స్క్రీన్ ముందు కూర్చునేది వ్యాపారే.

ఇక కోల్డ్ స్టోరేజీ. యార్డులో ధర 11,000 ఉంది. ఇప్పుడే అమ్మాలా, ఆరు నెలలు దాచాలా? నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన పెట్టుబడి అయితే ఆరు నెలలకు వడ్డీయే 1320. స్టోరేజీ కిరాయి, టిక్కీల (మిర్చి బస్తాల) రవాణా, హమాలీ, రంగు తగ్గడం, తూకంలో తరుగు కలిపితే ధర 12,500 దాటితేగానీ అసలు కూడా గిట్టదు. బ్యాంకులో పంట రుణం దొరికి వడ్డీ మూడోవంతుకు దిగితే లెక్క తలకిందులవుతుంది. అంటే దాచుకునే శక్తి మిర్చిలో లేదు, వడ్డీలో ఉంది. 2018–19 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతానికి అప్పుంది. సగటున ఇంటికి 2,45,554 రూపాయలు, దేశంలోకెల్లా ఎక్కువ. తెలంగాణలో 91.7 శాతం. ఇంత అప్పున్న చోట 'మంచి ధర వచ్చేదాకా ఆగండి' అనే సలహాకు విలువ లేదు.

ఎంబీఏ చదివి ఎటు?

అగ్రిబిజినెస్ చదువుకు హైదరాబాద్‌కు మించిన ఊరు దేశంలో అరుదు. రాజేంద్రనగర్‌లోనే వ్యవసాయ విశ్వవిద్యాలయం, 1987లో పుట్టిన వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ మేనేజ్, 1976లో వచ్చిన వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ నార్మ్ ఇరుగుపొరుగున ఉన్నాయి. మేనేజ్‌లో అగ్రిబిజినెస్ పీజీ డిప్లొమా 1996 నుంచి, నార్మ్‌లో 2009 నుంచి నడుస్తోంది. రెండింటికీ వ్యవసాయ, అనుబంధ డిగ్రీ ఉండాలి, క్యాట్ వంటి పరీక్ష స్కోరు కావాలి. ఆంధ్రలో తిరుపతి వ్యవసాయ కళాశాల ప్రాంగణంలో ఎంబీఏ ఉంది. అహ్మదాబాద్, లక్నో ఐఐఎంలలో ప్రత్యేక కోర్సులున్నాయి. అమూల్ కురియన్ 1979లో గుజరాత్‌లోని ఆనంద్‌లో పెట్టిన గ్రామీణ నిర్వహణ సంస్థ ఇర్మా 2025లో పార్లమెంటు చట్టంతో త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయం అయింది.

ఉద్యోగాలకు లోటు లేదు. నాబార్డ్, బ్యాంకుల్లో వ్యవసాయ అధికారులు, విత్తన కంపెనీలు, పురుగుమందుల కంపెనీలు, ఎరువుల కంపెనీలు, ట్రాక్టర్ రుణాలిచ్చే సంస్థలు. ఈ జాబితాను ఇంకోసారి చదవండి. దాదాపు అందరూ రైతుకు ఏదో ఒకటి అమ్మేవారే. ఇంటర్న్‌షిప్‌కు వెళ్లిన కుర్రాడికి తరచుగా అప్పగించే పని డీలర్ల సర్వే. ఏ మందు ఎంత అమ్ముడుపోతోంది, ఎదుటి కంపెనీ ఎంత మార్జిన్ ఇస్తోంది అని. చెడ్డ పనేమీ కాదు. కానీ రైతు బిడ్డలకు ప్రత్యేక కోటా ఇచ్చి, ప్రజల డబ్బుతో ఆరేళ్లు చదివించి, చివరికి రైతు జేబులో చెయ్యి పెట్టే వైపే అందరినీ పంపిస్తున్నామంటే ఎక్కడో లెక్క తప్పుతోంది. కాటాకు రెండు పక్కలుంటాయి. అమ్ముకునేవాడి పక్కన నిలబడి తూకం చూసే చదువరి ఎక్కడ?

ఆ ఉద్యోగం లేక కాదు. 10 వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకాన్ని కేంద్రం 2020లో తెచ్చింది. ఒక్కో సంఘానికి మూడేళ్లకు 18 లక్షల దాకా సాయం. అందులో నుంచి సీఈఓకు ఇవ్వగలిగే జీతం నెలకు గరిష్ఠంగా 25 వేలు. వందల మంది రైతుల సరుకు సేకరించి, గ్రేడింగ్ చేసి, కొనుగోలుదారుతో బేరమాడి, బ్యాంకును ఒప్పించి, లాభం చూపించాలి. అదే ఎంబీఏకు కంపెనీ ఇచ్చేది దీనికి కొన్ని రెట్లు. ఎవరు వస్తారు? వచ్చినా మూడేళ్ల సాయం అయిపోగానే ఎవరుంటారు? సంఘాలు కాగితాల మీద మిగలడానికి రైతుల్లో ఐక్యత లేకపోవడమే కారణమని చెప్పడం తేలిక. నా దృష్టిలో అసలు కారణం జీతాల పట్టిక.

చేసి చూపించినవారు లేకపోలేదు. ఎంబీఏ అనే మాట పల్లెలకు తెలియని 1956లో, నేటి హనుమకొండ జిల్లా ముల్కనూరులో ఎ.కె. విశ్వనాథరెడ్డి సహకార సంఘం పెట్టారు. అప్పు ఇవ్వడంతో ఆగకుండా పంట కొనడం, బియ్యం మిల్లు, విత్తనోత్పత్తి దాకా సంఘమే చేపట్టింది. ఆ పక్కనే మహిళల పాల డెయిరీ 'స్వకృషి' పేరుతో పాలు అమ్ముతోంది. అప్పు, కొనుగోలు, ప్రాసెసింగ్ ఒకే గొడుగు కిందికి వస్తే దళారీ తీసుకునే వాటా సంఘానికి మిగులుతుంది. ఆ వాటా చిన్నదేం కాదు. వినియోగదారుడు టమాటాకు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది 33 పైసలని రిజర్వు బ్యాంకు పరిశోధకులు 2024లో లెక్కగట్టారు. ఉల్లికి 36, బంగాళాదుంపకు 37. మిగతాదంతా దోపిడీ కాదు. రవాణా, కుళ్లిపోవడం, కమీషన్, దుకాణం అద్దె అందులోనే ఉన్నాయి. ఎక్కడ ఎంత పోతోందో విడదీసి చూపి, ఒక్కో పైసా వెనక్కి తేగలిగేది ఈ చదువు చదివినవాడే.

ప్రభుత్వాలు చేయవలసింది పెద్దదేమీ కాదు. కొత్త సంఘాలకు ఇచ్చే సాయం మూడేళ్లతో ఆపకుండా, సీఈఓ జీతాన్ని బ్యాంకు అధికారి జీతంతో సమానంగా కనీసం ఐదేళ్లు భరించాలి. ఎంబీఏ ఇంటర్న్‌షిప్‌లలో సగం రైతు సంఘాల్లోనే జరగాలని విశ్వవిద్యాలయాలు నిబంధన పెట్టాలి. మార్కెట్ యార్డుల్లో తరుగు పేరుతో జరిగే కోతను విద్యార్థుల చేత ఏటా లెక్కగట్టించి ఆ పట్టికను యార్డు గేటు మీద అంటించాలి.

ఇంటర్ ఫలితాలు చేతిలో పట్టుకుని ఈ దారి గురించి ఆలోచిస్తున్నవారికి ఒక మాట. దరఖాస్తు నింపే ముందు ఇంట్లో గానీ పక్కింట్లో గానీ ఒక ఎకరం పంట లెక్క రాయండి. విత్తనం దగ్గర నుంచి చివరి బస్తా కాటా దాకా రాయండి. అమ్మ కలుపు తీసిన రోజులు, నాన్న నీళ్లు కట్టిన రాత్రులు కూలి రేటుతో వేయండి. కౌలు వేయండి, వడ్డీ వేయండి. ఏ2, ఏ2 ప్లస్ ఎఫ్ఎల్, సీ2 మూడూ విడివిడిగా తేల్చండి. ఆ పని విసుగనిపిస్తే వేరే కోర్సు చూసుకోండి. మూడో అంకె దగ్గరికి వచ్చేసరికి కోపమొస్తే, ఈ చదువు మీకోసమే.